క్యూలో ముందు చోటును అమ్మకానికి పెట్టారు – అడిగేవారేరీ?

తపాలా కార్యాలయపు కౌంటరు వద్ద గాని, రైల్వే టిక్కెట్ల కిటికీ వద్ద గాని నాలుగు రోజులు పనిచేసిన ప్రతి ఉద్యోగికి ఒక న్యాయం ఎవరూ బోధించకుండానే తెలుసు. ముందు వచ్చినవారికి ముందు, వెనుక వచ్చినవారికి వెనుక. ఎంత పెద్ద అధికారి గారి మనిషి అయినా సరే, ప్రక్క నుండి చేయి చాపితే క్యూలో నిలబడిన ముసలమ్మ ఊరుకోదు. ఆ ముందు చోటును లోపలి ఉద్యోగి యాభై రూపాయలకు అమ్ముకున్నాడని రుజువైతే సస్పెన్షను, ఛార్జిషీటు, శాఖాపరమైన విచారణ తప్పవు. కాని ఈ దేశంలోని అతి పెద్ద కౌంటరులో ముందు చోటును ఆ కౌంటరు యజమానులే బాహాటంగా అద్దెకు ఇస్తున్నారు. దానికి రేట్ల పట్టిక ఉన్నది, రశీదు ఉన్నది, నియంత్రణ సంస్థ అనుమతి ఉన్నది. ఆ కౌంటరు పేరు స్టాక్ ఎక్స్ఛేంజి. అద్దె చోటులో కూర్చుని సాగించే వ్యాపారం పేరు హై ఫ్రీక్వెన్సీ ట్రేడింగ్, అనగా మనిషి ప్రమేయం లేకుండా కంప్యూటర్లు సెకండులో వేలాది ఆర్డర్లు పెట్టి, వాటిలో అత్యధిక భాగాన్ని తామే రద్దు చేసుకుంటూ సాగించే అతివేగ వ్యాపారం. దీనిని గురించి పార్లమెంటులో పట్టుబట్టి అడిగేవారు లేరు, వీధిలో మాట్లాడేవారు లేరు. ఆ మౌనాన్ని గురించే ఇక్కడ వ్రాస్తున్నాము.

షేర్ల వ్యాపారంతో తపాలా, రైల్వే ఉద్యోగులకు ఏమి పని అని కొందరు సోదరులు అడుగుతారు. 2004 జనవరి 1కి పూర్వం ఆ ప్రశ్నకు అర్థం ఉండేది. ఆ తేదీ నుండి కేంద్ర ప్రభుత్వ సర్వీసులో చేరిన ప్రతి ఉద్యోగి మూలవేతనం, కరువుభత్యాల నుండి 10 శాతం కోత పెట్టి జాతీయ పింఛను పథకంలో జమ కడుతున్నారు. 2019 ఏప్రిల్ నుండి ప్రభుత్వం తన వంతు 14 శాతం వేస్తున్నది. ఆ సొమ్ములో 15 శాతం వరకు షేర్లలో పెట్టవచ్చుననే నియమం ప్రభుత్వోద్యోగుల విషయంలో దీర్ఘకాలం అమలులో ఉండేది. ప్రైవేటు రంగ కార్మికుల భవిష్యనిధి సయితం 2015 ఆగస్టు నుండి ఇదే బాట పట్టింది. మొదట కొత్త జమలలో 5 శాతం, తరువాత 10, 2017 నుండి 15 శాతం. పాత పింఛను పునరుద్ధరణ కొరకు మనం చేస్తున్న పోరాటం వేరు, అది సాగవలసినదే. 2025 ఏప్రిల్ 1 నుండి ప్రవేశపెట్టిన ఏకీకృత పింఛను పథకం కూడా పాత పింఛను కాదు; అందులోనూ మన కోత సొమ్ము నిధిలోకే పోతున్నది. గావున మనకు ఇష్టమున్నా లేకున్నా, మన తరఫున ఎవరో ఒకరు ఆ కౌంటరు ముందు రోజూ నిలబడుతున్నారు. మనం ఏనాడూ ఒక్క షేరు కొనకపోయినా ఆ క్యూలో ఉన్నాము. మన వెనుక నుండి వచ్చి మన ముందు ఎవరు నిలబడుతున్నారో అడిగే హక్కు మనకు ఉన్నది.

డాలీగంజ్ నుండి బాంద్రా దాకా

మేము ఈ మాటలు అండమాన్ రాజధాని శివారు డాలీగంజ్ నుండి వ్రాస్తున్నాము. ఆ రాజధానికి 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అని పేరు, ఇప్పుడు శ్రీ విజయపురం. ఇక్కడ రైలు పట్టా లేదు. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుండి తరతరాలుగా వలస వచ్చిన తెలుగువారు మాత్రం ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి తెలుగే మాతృభాష. సమాచారం ఆలస్యంగా చేరుట అంటే ఏమిటో ఈ జనానికి ఒకరు చెప్పనక్కరలేదు. ఓడ ఎక్కిన ఉత్తరం రెండు మూడు రోజులు సముద్రం మీద ఉండేది. తుఫాను పట్టితే అదీ లేదు.

2020 ఆగస్టు 10న చెన్నై నుండి ఈ దీవులకు సముద్రగర్భ కేబులును ప్రధానమంత్రి ప్రారంభించారు. సుమారు 2,300 కిలోమీటర్ల పొడవు, 1,224 కోట్ల రూపాయల ఖర్చు. పనిని జరిపించినది ప్రభుత్వరంగంలోని బి.ఎస్‌.ఎన్‌.ఎల్‌. అంతకు పూర్వం మాకు దిక్కు ఉపగ్రహమే. మాట 36,000 కిలోమీటర్లు పైకి పోయి, మరల అంత దూరం క్రిందికి రావలెను. పోవడానికే పావు సెకండు. కేబులు వచ్చిన తరువాత దీవులలోని మనిషికి, ముంబయి మనిషికి మధ్య దూరం చెరిగిపోయిందని ఉపన్యాసాలు విన్నాము. కేబులు వలన మేలు జరిగిన మాట నిజం. ఆసుపత్రికి, బడికి, బ్యాంకుకు, తపాలా కార్యాలయానికి అది ప్రాణం వంటిది. దాని మీద మాకు ఫిర్యాదు లేదు.

కాని లెక్క వేసి చూడండి. డాలీగంజ్ నుండి చెన్నైకి తిన్నగా కొలిస్తే సుమారు 1,350 కిలోమీటర్లు. చెన్నై నుండి ముంబయికి మరొక వెయ్యికి పైగా. గాజుతీగలో వెలుగు ఒక మైక్రోసెకండులో, అనగా సెకండులో పదిలక్షవ వంతులో, 200 మీటర్లు పోతుంది. ఆ లెక్కన ఇక్కడి నుండి పెట్టిన ఆర్డరు ముంబయి చేరడానికి తక్కువలో తక్కువ 12,000 మైక్రోసెకండ్లు. కేబుళ్ళు తిన్నగా పోవు, మధ్యలో యంత్రాలు కాలం తింటాయి. నిజానికి పట్టేది ఇంకా ఎక్కువ. అదే సమయంలో బాంద్రా–కుర్లాలోని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి వారి భవనంలో, ఎక్స్ఛేంజి కంప్యూటరుకు పొరుగునే అద్దె అరలో పెట్టిన బ్రోకరు కంప్యూటరుకు పట్టేది కొద్ది మైక్రోసెకండ్లు. ఈ ఏర్పాటునే కో-లొకేషన్ అంటారు. కనురెప్ప ఒకసారి వాల్చి ఎత్తడానికి లక్ష మైక్రోసెకండ్లకు పైనే పడుతుంది. మనం రెప్ప వాల్చేలోగా ఆ యంత్రం వార్త చదివి, ఆర్డరు పెట్టి, రద్దు చేసి, మరల పెట్టి, వేరొకరి చేతికి ఆ షేరును అంటగట్టి ఉంటుంది.

ఒక వింత చెప్పుకొనవలెను. న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజి తన కంప్యూటర్ల భవనంలో అద్దెదారులందరికీ ఒకే పొడవు కేబులు ఇస్తుంది. దగ్గర అరవానికి మిగిలిన కేబులును చుట్ట చుట్టి పెడతారు, ఒకరి కంటె మరొకరికి రెండు గజాల మేలు జరగకూడదని! అద్దె కట్టినవారి మధ్య గజాలలో కొలిచే ఆ ధర్మం, గోడకు ఇవతల ఉన్న కోట్లాది జనం విషయంలో ఎందుకు గుర్తుకు రాదు?

దోపిడీ ఎట్లు జరుగుతున్నదో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. పింఛను నిధి ఒక బ్యాంకు షేర్లు పది లక్షలు కొనవలసి ఉన్నదనుకొందాము. అంతా ఒకేసారి అడిగితే ధర ఎగురుతుంది గనుక చిన్న చిన్న ముక్కలుగా అడుగుతుంది. మొదటి ముక్కలను చూడగానే వేగయంత్రం పసిగట్టి, వెనుక రాబోవు ముక్కల కంటె ముందే అందుబాటులో ఉన్న షేర్లను ఎత్తుకొని, ఐదు పైసలు ఎక్కువకు నిధికే అమ్ముతుంది. షేరుకు ఐదు పైసలు. పది లక్షల షేర్లకు 50,000 రూపాయలు. ఆ యాభై వేలు ఏ ఉద్యోగి పాస్‌బుక్కులోను తరుగుగా కనబడవు. దొంగతనం జరిగినట్లు ఎవరికీ తెలియని దొంగతనం ఇది. బ్రిటన్ ఆర్థిక నియంత్రణ సంస్థకు చెందిన పరిశోధకులు, షికాగో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఎరిక్ బూడిష్ కలిసి లండన్ ఎక్స్ఛేంజి రికార్డులను పరిశీలించారు. పెద్ద కంపెనీల షేర్ల విషయంలో సగటున నిమిషానికొక పరుగుపందెం జరుగుతున్నదని, ఒక్కొక్క పందెం ఐదు పది మైక్రోసెకండ్లలో ముగుస్తున్నదని, మొత్తం వ్యాపారంలో ఐదవ వంతు ఈ పందాలలోనే సాగుతున్నదని తేల్చారు. ప్రపంచవ్యాప్తంగా షేర్ల బజారులపై ఇది ఏటా సుమారు 500 కోట్ల డాలర్ల పన్ను వంటిదని వారి అంచనా. ఏ పార్లమెంటూ ఆమోదించని పన్ను, ఏ ఖజానాకూ చేరని పన్ను.

యోగిని చూశారు, సర్వరును చూడలేదు

మన దేశంలో ఈ వ్యవహారం బయటపడలేదా అంటే, పడింది. 2015 జనవరిలో పేరు దాచుకున్న ఒక వ్యక్తి సెబీకి లేఖ వ్రాశాడు. 2010–2014 మధ్య నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి తన ధరల సమాచారాన్ని కో-లొకేషన్ బ్రోకర్లకు ఒకరి తరువాత ఒకరికి పంపేది. ఉదయం ఎవరి యంత్రం ముందుగా లాగిన్ అయితే వారికి ముందు. మన భాషలో చెప్పవలెనంటే, సంచి విప్పి ఉత్తరాలు పంచేటప్పుడు గుమ్మంలో మొదట నిలబడినవాడికే మొదట చదివి వినిపించే పద్ధతి. తాళం ఎప్పుడు తీస్తారో తెలిసినవాడు రోజూ మొదటివాడు కాక మరేమవుతాడు? రద్దీ లేని రెండవ సర్వరు తలుపు కూడ కొందరికి తెరిచి ఉన్నదని ఆరోపణ. ఆ లేఖను ప్రచురించిన మనీలైఫ్ పత్రికపై ఎక్స్ఛేంజి 100 కోట్ల రూపాయల పరువునష్టం దావా వేసింది. 2015 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు ఆ వాదనను త్రోసిపుచ్చి, ఎక్స్ఛేంజి మీదనే 50 లక్షలు ఖర్చులు విధించింది. అందులో అధిక భాగం ఆసుపత్రులకు చేరింది.

తరువాత ఏమయినది? 2018 మే నెలలో సి.బి.ఐ. కేసు. 2019 ఏప్రిల్ 30న సెబీ ఉత్తర్వు: ఎక్స్ఛేంజి 624.89 కోట్ల రూపాయలను 12 శాతం వడ్డీతో కట్టవలెనని. 2023 జనవరిలో సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వును మార్చి, శ్రద్ధ లోపించినందుకు 100 కోట్లు చాలునన్నది. 2024 సెప్టెంబరులో సెబీయే, కుమ్మక్కు జరిగిందనడానికి తగిన సాక్ష్యం లేదని ఎక్స్ఛేంజిని, మాజీ అధికారులను ఆ ఆరోపణల నుండి విడిచిపెట్టింది. మేము కోర్టులకు మించిన తీర్పరులము కాము. నేరం రుజువు కాలేదన్నారు, సరే. కాని మా ప్రశ్న నేరస్తుడెవరని కాదు. చట్టప్రకారమే, అందరి సమ్మతితో, రశీదుపై నడుస్తున్న ఏర్పాటు న్యాయమా అని. ఆ ప్రశ్నను ఏ ఉత్తర్వూ తాకలేదు.

1992లో హర్షద్ మెహతా వ్యవహారానికి సంయుక్త పార్లమెంటరీ సంఘం వేశారు. 2001లో కేతన్ పారేఖ్ వ్యవహారానికి మరొకటి వేశారు. కో-లొకేషన్‌కు ఏదీ? 2022 ఫిబ్రవరిలో మాత్రం దేశమంతా కొన్నాళ్ళు ఎక్స్ఛేంజిని గురించి మాట్లాడింది. ఎందుకంటే మాజీ అధిపతి ఒక హిమాలయ యోగికి రహస్య సమాచారం ఈ-మెయిళ్ళలో పంపినట్లు సెబీ ఉత్తర్వులో వచ్చింది. పత్రికలకు యోగి దొరికాడు, టీ దుకాణాలకు కథ దొరికింది. ఎవరి యంత్రానికి ఏ మైక్రోసెకండులో సమాచారం అందినదనే మాట ఆ కథ క్రింద పూడుకుపోయింది. మాంత్రికుడు కనబడితే తప్ప మన ప్రజాజీవితం కళ్ళు తెరవదు. మీటరు తిప్పేవాడిని ఎవరూ చూడరు.

ఇది కొత్త పాపమేమీ కాదు. తంతి శాఖ సోదరులు తెలుసుకొనదగిన పాత కథ ఒకటి ఉన్నది. విద్యుత్తంతి రాకముందు ఫ్రాన్సులో గుట్టల మీద బురుజులు కట్టి, కర్ర చేతులు ఊపి సంకేతాలు పంపే ప్రభుత్వ తంతి ఉండేది. 1834 నుండి రెండేళ్ళపాటు బోర్డో పట్టణంలోని బ్లాంక్ సోదరులు అనే వ్యాపారులు తంతి ఉద్యోగికి లంచమిచ్చి, ప్రభుత్వ సందేశాలలో తప్పు గుర్తులుగా తమ సంకేతాన్ని ఇరికించేవారు. పారిస్ బజారులో ధర ఎటు మళ్ళిందో టపా బండి కంటె ముందే వారికి తెలిసేది. 1836లో పట్టుబడ్డారు. కాని మరుసటి ఏడు కోర్టులో, అట్టి పనిని నిషేధించే చట్టమే లేదని ఆ ప్రధానారోపణ వీగిపోయింది. అయితే అక్కడి ప్రభుత్వం ఆ ఏడాదే తంతిపై చట్టం చేసింది. దాదాపు రెండు వందల ఏళ్ళ క్రితం ఒక రాజరిక ప్రభుత్వం ఒక్క కేసుతో మేల్కొన్నది.

దొంగల తగవు అనేవారికి

అతివేగ వ్యాపారం మీద మాట్లాడితే రెండు వైపుల నుండి మమ్ములను ఆపుతారు.

ఒక వైపు మన శిబిరంలోనివారే. "ఇది జూదరుల మధ్య తగవు. ఒక దళారీ మరొక దళారీని మోసగిస్తే శ్రామికవర్గం కన్నీరు కార్చనేల?" అంటారు. వినడానికి విప్లవాత్మకంగా ఉన్నా, ఇది కాళ్ళ క్రిందికి నీరు వచ్చినది చూడని మాట. 2024 సెప్టెంబరులో సెబీ ప్రకటించిన పరిశీలన చదవండి. 2022–2024 ఆర్థిక సంవత్సరాలలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారంలో దిగిన వ్యక్తులు కోటి మందికి పైగా. వారిలో 93 శాతం నష్టపోయారు. మూడేళ్ళ మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించినది. ఆ వ్యాపారులలో నాలుగింట మూడు వంతుల మంది తమ వార్షికాదాయం ఐదు లక్షల లోపేనని చెప్పుకున్నవారు. 30 ఏళ్ళ లోపువారు 2023లో 31 శాతం ఉండగా, 2024 నాటికి 43 శాతమయ్యారు. వీరు దళారులా? వీరు మన బిడ్డలు. 2025 ఆర్థిక సంవత్సరంలో ఆంక్షలు వచ్చిన తరువాత కూడ వ్యక్తుల నష్టం 1,05,603 కోట్లు. ఇక గెలిచినది ఎవరు? 2024 ఆర్థిక సంవత్సరంలో ఖర్చులు తీయకముందు స్వంత ఖాతాపై వ్యాపారం చేసే సంస్థలు 33,000 కోట్లు, విదేశీ సంస్థలు 28,000 కోట్లు లాభం చేసుకున్నాయి. ఆ లాభాలలో 96, 97 శాతం కంప్యూటరు ఆదేశాలతో నడిచే వ్యాపారం వలన వచ్చినదేనని సెబీయే చెబుతున్నది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పవలెను. ఆ నష్టమంతా వేగం వలననే వచ్చిందని మేము అనము. ఆప్షన్ల జూదం మనిషి చేతితో ఆడినా ముంచేదే. ఫోనులో అడుగడుగునా ఊరించే ప్రకటనలకూ అందులో పాలు ఉన్నది. అట్లే 2025 జులై 3న సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి 4,843 కోట్ల రూపాయలు జప్తు చేసిన అమెరికా సంస్థ జేన్ స్ట్రీట్ వ్యవహారం కూడ ముఖ్యంగా వేగానిది కాదు, బలానిది. ఉదయం బ్యాంకు షేర్లను పెద్దయెత్తున కొని సూచీని లేపి, మధ్యాహ్నం వాటిని అమ్మి పడగొట్టి, ఆప్షన్లలో లాభం గుంజారని ఆరోపణ. ఒక్క 2024 జనవరి 17నాడే 734 కోట్ల లాభం వచ్చినట్లు ఆ ఉత్తర్వులో ఉన్నది. 2023 జనవరి నుండి 2025 మార్చి వరకు మన దేశంలో ఆ సంస్థ నికరలాభం 36,502 కోట్లు. ఆరోపణలను సంస్థ త్రోసిపుచ్చి ట్రిబ్యునలుకు పోయింది. ఈ రెండూ ఒకటి కావు. అయితే రెండింటికీ పునాది ఒకటే: ఒక పక్షాన వేల కోట్ల యంత్రాంగం, మరొక పక్షాన చేతిలోని ఫోను. ఆ ఆటను సమానుల ఆటగా ప్రకటించి టిక్కెట్లు అమ్ముతున్నారు.

ఆ సంస్థ మన దేశంలో చేసుకున్న లాభం ఎట్లు తెలిసిందో చూడండి. 2024 ఏప్రిల్‌లో న్యూయార్కు కోర్టులో, తమ వ్యూహాన్ని మాజీ ఉద్యోగులు వేరొక సంస్థకు మోసుకుపోయారని అది వేసిన వ్యాజ్యంలో, భారతదేశపు ఆప్షన్ల సంగతి బయట పడింది. మన సొమ్ము మన చేతి నుండి పోయిన సంగతి దొంగసొత్తు పంపకాల తగవులో పరాయి దేశపు కోర్టు గదిలో వినబడినంత దాకా, ఇక్కడ అడిగినవారు లేరు.

రెండవ వైపు బజారు పండితులు. అతివేగ వ్యాపారం వలన కొనుగోలు ధరకు, అమ్మకపు ధరకు మధ్య తేడా తగ్గిందని, చిన్న మదుపరికి అదే మేలని వారి వాదం. ఇందులో కొంత నిజం ఉన్నది. పది షేర్లు కొనేవాడికి పూర్వపు దళారీ మింగిన పావలాలు ఇప్పుడు పైసలయ్యాయి. కాని ఆ మేలులో అధిక భాగం కంప్యూటరు తెరల వలన వచ్చినది. ఐదు మైక్రోసెకండ్ల పందెం వలన కాదు. పైగా అవసరం వచ్చిన నాడు ఆ యంత్రాలు నిలబడవు. 2010 మే 6న అమెరికా సూచీ నిమిషాలలో దాదాపు వెయ్యి పాయింట్లు కూలినప్పుడు అనేక యంత్రాలు ప్లగ్గు పీకినట్లు తప్పుకున్నాయి. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే సంస్థ తన ప్రోగ్రాము పొరపాటున ముప్పావు గంటలో 44 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నది. ఎండలో గొడుగు పట్టి, వాన రాగానే లాక్కుపోయేవాడిని సేవకుడని పిలవమంటున్నారు.

పాలకుల మౌనానికి కారణాలు వెదకడానికి దూరం పోనక్కరలేదు. సూచీ పెరుగుదల తమ ఘనతగా చాటుకొనే ప్రభుత్వానికి, బజారు యంత్రాంగాన్ని ప్రశ్నించడం ఇష్టముండదు. ప్రతి లావాదేవీ పన్ను తెస్తుంది. 2024 అక్టోబరు 1 నుండి ఆ పన్ను పెంచారు కూడ. జూదం తగ్గించుటకని పేరు, ఖజానాకు ఆదాయం. ప్రతిపక్షాలకు విదేశీ సంస్థ పేరు దొరికినప్పుడు రెండు రోజుల ప్రకటన, ఆ పైన నిశ్శబ్దం. అన్నింటికీ మించి, నష్టం తలకు పైసలలో ఉన్నంత కాలం ఎవరికీ కోపం రాదని అందరికీ తెలుసు. రైలు ఛార్జీ రూపాయి పెరిగితే ధర్నా జరుగుతుంది, జరగవలసినదే. పింఛను నిధి నుండి రోజూ పైసలు రాలిపోతే లెక్క అడిగే అకౌంటెంటు కూడ లేడు.

తత్కాల్‌కు ఒక న్యాయం, దలాల్ స్ట్రీటుకు ఒక న్యాయమా?

రైల్వే సోదరులకు ఈ విషయం మా కంటె బాగుగా తెలుసు. తత్కాల్ టిక్కెట్లు తెరిచిన క్షణంలోనే అక్రమ సాఫ్ట్‌వేర్లతో దళారులు మింగివేస్తే, కిటికీ ముందు తెల్లవారుజాము నుండి నిలబడినవారు తిట్టేది బుకింగ్ క్లర్కునే. ఆ దళారీ మీద 1989 రైల్వే చట్టం 143వ సెక్షను ఉన్నది: మూడేళ్ళ వరకు జైలు, పదివేల వరకు జరిమానా. ఇంటర్నెట్ టిక్కెట్లకూ ఆ సెక్షను వర్తిస్తుందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2025 జులై నుండి ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. మొదటి అరగంట అధీకృత ఏజెంట్లను కూడ బయట నిలబెట్టారు. ఎందుకు? యంత్రం గలవాడు మనిషిని క్యూ నుండి నెట్టివేయకూడదని. మంచి న్యాయం. మరి టిక్కెట్టు విషయంలో నేరమైనది షేరు విషయంలో వ్యాపార ప్రతిభ ఎట్లయినది? స్లీపరు బెర్తు దళారీకి జైలు, బ్యాంకు షేరు దళారీకి ఎయిర్ కండిషన్ గది!

మార్గం లేదని చెప్పేవారికి తపాలా శాఖ జవాబు ఇవ్వగలదు. 1854లో ఈ దేశంలో దూరంతో నిమిత్తం లేకుండా పావుతులం ఉత్తరానికి అరణా అని నిర్ణయించారు. దూరం ఉన్నవాడి దగ్గర దూరానికి సొమ్ము గుంజరాదనే సూత్రం మన శాఖకు పునాది. రెండవది, ఎర్ర డబ్బా మీద వ్రాసి ఉండే క్లియరెన్సు వేళ. ఉదయం తొమ్మిదికి వేసిన ఉత్తరము, సాయంత్రం నాలుగుకు నిమిషం ముందు వేసిన ఉత్తరము ఒకే సంచిలో పోతాయి. డబ్బా ప్రక్కనే ఇల్లు ఉన్నందువలన ఎవరి ఉత్తరమూ ముందు రైలు ఎక్కదు. బూడిష్, ఆయన సహచరులు 2015లో ప్రతిపాదించినది సరిగా ఇదే: వచ్చిన ఆర్డర్లను వచ్చినట్లు కాక, అతి స్వల్ప కాలపు దఫాలుగా కూడగట్టి, ఒక్కొక్క దఫాకు ఒకే ధరపై తీర్చవలెనని. దఫాకు సెకండులో పదవ వంతు చాలును. అప్పుడు డాలీగంజ్ ఆర్డరు, బాంద్రా ఆర్డరు ఒకే సంచిలో పడతాయి. మైక్రోసెకండుకు విలువ పోతుంది.

ఇది కలగాదు. మన ఎక్స్ఛేంజీలే 2010 అక్టోబరు నుండి ప్రతి ఉదయం బజారు తెరవకముందు ఆర్డర్లను కూడగట్టి ఒకే ధర నిర్ణయిస్తున్నాయి. ఉదయం న్యాయమైనది పగలంతా ఎందుకు అసాధ్యము? అమెరికాలో ఐ.ఇ.ఎక్స్. అనే ఎక్స్ఛేంజి 38 మైళ్ళ గాజుతీగ చుట్ట గుండా ప్రతి ఆర్డరును త్రిప్పి, అందరికీ 350 మైక్రోసెకండ్ల ఆలస్యం కల్పించింది. 2016లో అక్కడి నియంత్రణ సంస్థ దానిని ఆమోదించింది. ఇటలీ 2013లో అర సెకండు లోపల రద్దు చేసే, మార్చే ఆర్డర్లపై ప్రత్యేక పన్ను విధించింది. జర్మనీ అదే ఏడాది ప్రత్యేక చట్టం చేసింది. మన సెబీ కూడ 2016 ఆగస్టులో ఒక చర్చాపత్రం వెలువరించి, ఆర్డరుకు కనీస నిలుపుదల కాలం, వేగనిరోధకం, దఫాల పద్ధతి – అన్నింటినీ అందులో వ్రాసింది. 2018 ఏప్రిల్‌లో నిర్ణయాలు వెలువడే నాటికి ఆ మూడూ మాయమయ్యాయి. మిగిలినది, చిన్న బ్రోకర్లు కలిసి అర అద్దెకు తీసుకొనే సౌకర్యం వంటివి. అంటే, ముందు చోటు అమ్మకం ఆపుట కాదు, వాయిదాల మీద అమ్ముట.

2025 ఆగస్టులో తపాలా శాఖ మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘంతో ఒప్పందం చేసుకున్నది. పోస్టుమేన్లను ఆ పథకాల పంపిణీదారులుగా తయారు చేయుటకు. పోస్టుమేన్ మీద ఊరు పెట్టుకున్న నమ్మకం నూట డెబ్బది ఏళ్ళ ఆస్తి. ఆ నమ్మకాన్ని తీసుకొనిపోయి బజారు గుమ్మంలో పెట్టే ముందు, ఆ గుమ్మంలో క్యూ సరిగా ఉన్నదా అని అడగవలసిన బాధ్యత శాఖకు ఉన్నది. అడగకపోతే రేపు నెలవారీ ఆదాయ పథకం వదలి ఫండులో చేరిన విధవరాలు నిలదీసేది సెబీ అధ్యక్షుని కాదు, సంచి భుజాన వేసుకొని వచ్చిన మన సోదరుని.

అందువలన ప్రతి డివిజను, ప్రతి శాఖ ఈ విషయాన్ని తమ తీర్మానాలలో చేర్చవలెనని, పార్లమెంటు సభ్యులకు ఇచ్చే మహజర్లలో పాత పింఛను డిమాండు ప్రక్కనే దీనిని పెట్టవలెనని కోరుతున్నాము. 2016 నాటి మూడు ప్రతిపాదనలను తిరిగి తీసుకొని బహిరంగ విచారణ జరపవలెను. కో-లొకేషన్ మొత్తం వ్యవహారంపై సంయుక్త పార్లమెంటరీ సంఘం వేయవలెను. పింఛను నిధి నిర్వాహకులు తమ కొనుగోళ్ళ ఖర్చును, ధర జారుడును ఏటా చందాదారులకు లెక్క చెప్పవలెను. మా దీవులకు ఉన్నది ఒకే ఒక్క లోక్‌సభ సభ్యుడు. డాలీగంజ్ నుండి ఆయనకు మేము పంపుతున్న మహజరులో ప్రశ్న ఒక్కటే వ్రాశాము: గడచిన ఆర్థిక సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వోద్యోగుల పింఛను నిధి పెట్టిన ఆర్డర్లు ఎక్స్ఛేంజి చేరిన క్షణానికి, అవి పూర్తిగా నెరవేరిన క్షణానికి మధ్య, ఆ షేర్లనే కొని ఆ నిధికే తిరిగి అమ్మినవారెవరు, ఎంతకు?